బోర్డు మీద మా పిన్ని

మా పిన్నికి కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అనేది. "ముక్కు మీద కాకపోతే ఇంకెక్కడ పెట్టుకోనే అక్కా? దానికి వేరే గది అద్దెకు తీసుకోమంటావా?" అనేది పిన్ని. నిజమే, వాళ్ళది ఒక్క గది ఇల్లు. ఆ గదిలోనే పిన్ని, బాబాయి, వాళ్ళమ్మాయి, మూల నిండా పరాయివాళ్ళ బట్టల మూటలు.

పిన్ని ఇస్త్రీ చేసేది. మా సందు మొదట్లో, మేడ మెట్ల కింద, ఆమె బండి ఉండేది. తెల్లవారుతుండగానే బొగ్గులు రాజేసి పెట్టె నింపేది. బట్టలిచ్చేవాళ్ళు ఆమెకు భయపడేవాళ్ళు. గుండీ ఊడిన చొక్కా తెస్తే, "ముందు గుండీ కుట్టించుకో నాయనా, మడతల సంగతి తర్వాత చూద్దాం" అని మొహం మీదే చెప్పేది. తిట్టినా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. బాబాయి పెద్దరోడ్డు పక్కన సైకిళ్ళు బాగుచేసేవాడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. "ఇద్దరి కోపమూ దేవుడు నాకే ఇచ్చేశాడు, ఈయనకి పంపు ఇచ్చాడు" అని నవ్వేది పిన్ని.

పట్టాల అవతలి ఖాళీ స్థలంలో చొక్కాల ఫ్యాక్టరీ కట్టారు. ప్రారంభం రోజున పెద్దపెద్దవాళ్ళు వచ్చారు. మైకులో ఒకాయన, "పరిశ్రమ వచ్చిందంటే పేదరికం పారిపోతుంది" అన్నాడు. నా పక్కన నిలబడ్డ పిన్ని, "పారిపోయి ఎక్కడికెళ్తుందట? అడ్రస్ చెప్పలేదే" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

అయినా ఆ ఫ్యాక్టరీలో మొదట చేరినవాళ్ళలో పిన్ని ఒకతి. అబద్ధం చెప్పకూడదు, మొదట్లో ఆమెకు అది బాగా నచ్చింది. తల మీద ఫ్యాను. మంచినీళ్ళ కుళాయి. బొగ్గు, బూడిద, పొగ ఏమీ లేకుండా పైపులోంచి ఆవిరి వచ్చే ఇస్త్రీ పెట్టె. మెడలో ఫోటో ఉన్న కార్డు. అన్నిటికంటే ముఖ్యం, ఆదివారం. బండి దగ్గర ఆమెకు ఆదివారమే పని ఎక్కువ. మొదటి ఆదివారం పిన్ని మా ఇంటికి వచ్చి, గడపలో కూర్చుని, ఏం చేయాలో తెలియక మా అమ్మ చేతిలోని చీపురు లాక్కుని మా ఇల్లంతా ఊడ్చింది.

"సెలవు పెట్టుకుని నా ఇంట్లో పనిచేస్తావేమే?" అంది అమ్మ.

"నేర్చుకుంటున్నా ఆగవే. ఊరికే కూర్చోడం కూడా ఒక విద్యే" అంది పిన్ని.

వాళ్ళమ్మాయిని, అంటే మా చెల్లిని, నర్సు చదువుకు పంపింది. ఇంటికి గోడ గడియారం కొంది. ఈ మేలు జరగలేదని నేననను. జరిగింది కాబట్టే తర్వాత జరిగినదానికి నాకు ఒళ్ళు మండుతుంది. తినడానికి లేనివాడికి పళ్ళెం ముందు పెట్టి, రెండు ముద్దలు తిన్నాక లాగేసుకోవడం అసలు పెట్టకపోవడం కంటే పెద్ద పాపం.

రెండో ఏడు కంపెనీవాళ్ళు ఒక ఫోటోగ్రాఫర్ని తెచ్చారు. పనిచేస్తున్న ఆడవాళ్ళను తీయాలట. సూపర్‌వైజరు పిన్ని దగ్గరికి వచ్చి, "కాస్త నవ్వమ్మా" అన్నాడు. పిన్ని నవ్వలేదు. చెబితే నవ్వే మనిషి కాదు. అయితే ఫోటోగ్రాఫరు వంగినప్పుడు అతని ప్యాంటు మీద మూడు మడతలు మూడు దిక్కులకు పోతూ కనిపించాయట. "బాబూ, నీ ప్యాంటు ఇటివ్వు, ముందు దాని పని చూస్తా" అనేసి తన మాటకు తనే ఫక్కున నవ్వింది. అప్పుడు నొక్కేశాడు.

కొన్నాళ్ళకు ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్లు కలిసే చోట, రెండంతస్తుల ఎత్తున ఒక బోర్డు లేచింది. బోర్డు నిండా పిన్ని. చేతిలో ఇస్త్రీ పెట్టె, చుట్టూ తెల్లని ఆవిరి, నోరారా నవ్వు. కింద పెద్ద అక్షరాలు: పరిశ్రమ వచ్చింది, పేదరికం పోయింది. నేను ఆ సెంటర్లోనే మందుల షాపులో పనిచేస్తాను. షట్టర్ తీయగానే పిన్ని నా వైపు నవ్వుతూ కనిపించేది. ఆమెను అడగలేదు, చెప్పలేదు. ఆ రోజు నుంచి సందులో పిల్లలకూ పెద్దలకూ ఆమె బోర్డు పిన్ని అయింది. మొదట్లో కాస్త మురిసింది కూడా. "అంత పెద్ద మొహం పెట్టుకుని ఇంత చిన్న గదిలో ఎలా పడుతున్నావే?" అని మా అమ్మ ఆట పట్టించేది.

ఆ గది కూడా మెల్లగా జారిపోతూ వచ్చింది. ఫ్యాక్టరీలో పనికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. మా ఇళ్ళన్నిటికీ ఓనరైన ఇంటాయన పెరట్లో రేకుల గదులు లేపి, ఒక్కో గదిలో పదిమందిని కుక్కాడు. మా అందరి అద్దెలూ పెంచాడు. అడిగితే, "ఊరు పెరుగుతోందమ్మా, మనమూ పెరగొద్దూ?" అన్నాడు. పెరిగింది ఆయన పొట్ట. లారీల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు బాబాయి సైకిళ్ళ చోటు పోయింది. పంపూ, పానాలూ మూట కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. పిన్నే వెళ్ళి అడిగి ఆయనకు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇప్పించింది. ఆకుపచ్చ చొక్కా, మెడలో ఈల. ఈల ఊదడానికి కూడా మొహమాటపడేవాడు.

లోపల పనీ మారింది. ఫ్యాన్లున్నాయి కానీ ఆవిరికి బట్టలు పాడవుతాయని ఆపేసేవాళ్ళు. నీళ్ళున్నాయి, తాగితే బాత్‌రూముకు వెళ్ళాలి, వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ ఒక్కటే, ఆడవాళ్ళేమో హాలు నిండా. అందుకని నీళ్ళు తాగడమే మానేశారు. పిన్ని కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి. నిన్న చేసినదానికంటే ఇవాళ ఎక్కువ చొక్కాలు చేయాలి, ఇవాళ్టికంటే రేపు.

"ఇలా పెంచుకుంటూ పోతే చివరికి ఏమవుతుందయ్యా?" అని పిన్ని సూపర్‌వైజర్ని అడిగిందట.

"దాన్నే అభివృద్ధి అంటారమ్మా" అన్నాడట అతను.

"మరి నా కాళ్ళూ అభివృద్ధి అయ్యాయి, చూడు."

అతను నవ్వలేదు. చొక్కాల లెక్క రాసుకునే వాళ్ళకు నవ్వొస్తే ఉద్యోగం పోతుంది.

ఒక సోమవారం ఇస్త్రీ హాల్లోకి ఓ పొడవాటి యంత్రం వచ్చింది. చొక్కాను హాంగరుకు తగిలిస్తే ఒక వైపు నుంచి నలిగి వెళ్ళి, ఇంకో వైపు నుంచి సాపుగా వస్తుంది. వారం రోజులు ఆడవాళ్ళంతా దాన్ని వింతగా చూశారు. పిన్ని దాని పొట్ట మీద తట్టి, "దీనికి బిళ్ళ అక్కర్లేదు, అదృష్టవంతురాలు" అంది. ఆ మరుసటి సోమవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే గేటు దగ్గరికి వెళ్ళింది. గేటు దగ్గర బాబాయి నిలబడి ఉన్నాడు. తలుపు తీయలేదు.

"ఏవయ్యా, తియ్యి. టైమవుతోంది."

బాబాయి నేల చూశాడు. "లోపలికి పంపొద్దన్నారే."

"ఎవర్ని?"

"ఇస్త్రీ వాళ్ళని. అందర్నీ."

"నిన్న రాత్రి నా పక్కన కూర్చుని తిన్నావు. అప్పుడు చెప్పలేదేం?"

"ఇందాకే చెప్పారే. నా మీద ఒట్టు."

పిన్ని వెనకాల మిగతా ఇస్త్రీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. సూపర్‌వైజరు లోపల కిటికీ దగ్గర నిలబడి చూశాడు కానీ బయటికి రాలేదు. మొగుడి చేత పెళ్ళానికి గేటు వేయించడం తేలికని వాళ్ళకు తెలుసు. అన్నేళ్ళు పనిచేసినవాళ్ళకు ఒక మాట చెప్పడానికి వాళ్ళకు మనిషే దొరకలేదు. కూరలో కరివేపాకును తీసి పక్కన పెట్టేముందు కనీసం నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. వీళ్ళు చప్పరించారు, అయిపోయింది. ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారు. బాబాయి ఆ గేటు లోపల, పిన్ని బయట. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పిన్ని మళ్ళీ బండి పెట్టాలనుకుంది. మెట్ల కింద చోటు ఎప్పుడో ఫోన్ల కొట్టయింది. పైగా మేడల్లోవాళ్ళ బట్టలు వ్యానుల్లో లాండ్రీకి వెళ్తున్నాయి. పాతవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడిగితే, "అయ్యో, మీరు ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగంలో ఉన్నారనుకున్నామే" అన్నారు. బోర్డు చూసి అందరూ అలాగే అనుకున్నారు.

మా చెల్లి చదువు ఆగిపోయింది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి అదే ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పనిలో చేరింది. ఆ సాయంత్రం పిన్ని నిప్పులు చెరిగింది. "నేనందులో కాళ్ళరిగేలా నిలబడింది దేనికే? నువ్వు దాని గడప తొక్కకుండా ఉండాలని కాదూ?"

"తొక్కకపోతే తినేదేంటమ్మా?" అంది చెల్లి నెమ్మదిగా.  

పేదవాళ్ళకిచ్చే సాయం కార్డు కోసం ఆఫీసుకు వెళ్దామన్నాను. నేనే తోడు వెళ్ళాను. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా పిన్నిని ఎగాదిగా చూసి, కళ్ళజోడు సర్దుకుని, "మిమ్మల్నెక్కడో చూశానే" అన్నాడు. కాసేపటికి గుర్తొచ్చింది. "ఆ! సెంటర్లో బోర్డు మీద ఉన్నది మీరేగా?"

"నేనే."

"మరి పేదరికం పోయిందని దాని మీద రాసుందిగదమ్మా!" పక్క బల్లవాడు కూడా తలెత్తి నవ్వాడు. అతనికి అది జోకు. తర్వాత గొంతు సవరించుకుని, ఫ్యాక్టరీ పనివాళ్ళ పేర్లన్నీ పేదల్లోంచి తీసేశారని, మళ్ళీ చేర్చాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలని చెప్పాడు.

"పని పోయిందయ్యా."

"పోయినట్టు కంపెనీ మాకు చెప్పలేదమ్మా."

"వాళ్ళు మాకే చెప్పలేదు!" అని అరిచాను నేను. పిన్ని మాత్రం అరవలేదు. పళ్ళు నూరలేదు. కొంగు భుజాల చుట్టూ లాక్కుని బయటికి నడిచింది. అరిచే మనిషి అరవకపోతే భయమేస్తుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నేను షాపులో ఉన్నాను. రోడ్డు మీద గోల. "బోర్డు పిన్ని బోర్డెక్కిందిరో!" అని ఎవడో కేక వేశాడు. బయటికి పరుగెత్తాను. బోర్డు వెనక ఫ్లెక్సీ కట్టేవాళ్ళు ఎక్కే ఇనప మెట్లుంటాయి. ఆ వాచిన కాళ్ళతో పిన్ని వాటి మీద సగం దూరం ఎక్కేసింది. చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుంది. నడుముకు కూరలు తరిగే కత్తి. బస్సు డ్రైవరు బస్సు ఆపేసి తల బయటపెట్టాడు. "దిగు పిన్నీ! పడిపోతావు!" అని గొంతు చించుకున్నాను. ఆమెకు వినిపించిందో లేదో.

పైన బోర్డు ముందువైపు సన్నని నడవా ఉంది. దాని మీద నిలబడి, బొమ్మలోని తన గడ్డం దగ్గర కత్తి దింపింది. ఫ్లెక్సీ మందం. గాలికి కొట్టుకుంటోంది. కోస్తూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ, మళ్ళీ కోస్తూ, చేయి అందినంత మేర తన మొహం చుట్టూ తిరిగింది. కింద జనం మొదట నవ్వారు, తర్వాత ఈలలేశారు, తర్వాత ఎందుకో అందరూ ఊరుకున్నారు. నుదురు పైభాగం అందలేదు, పట్టుకుని లాగేసింది. మనిషంత మొహం చిరిగి, గాలిలో రెండు పల్టీలు కొట్టి, పళ్ళబండి మీద పడింది. బోర్డులో పెద్ద రంధ్రం, అందులోంచి ఆకాశం. కింద అక్షరాలు అలాగే ఉన్నాయి.

పిన్ని దిగివచ్చి, ఆ ముక్కను చాపలా చుట్టి చంకలో పెట్టుకుంది. "పళ్ళు నలిగాయా బాబూ?" అని బండివాణ్ణి అడిగింది. లేదన్నాడు. ఇంటివైపు నడిచింది. సందు చేరేలోపు పోలీసు జీపు వచ్చి ఎక్కించుకుపోయింది.

నేను వెనకే వెళ్ళేసరికి స్టేషన్లో ఇన్‌స్పెక్టరు విసుగ్గా ఉన్నాడు. "కంపెనీ ఆస్తి ఎందుకు పాడుచేశావ్?"

"కంపెనీ ఆస్తి అక్కడే వదిలేశానయ్యా. ఇనప స్తంభాలు వాళ్ళవి, అక్షరాలు వాళ్ళవి, చొక్కా వాళ్ళది. మొహం నాది. నాది నేను తెచ్చుకున్నా."

సూపర్‌వైజరు కూడా వచ్చాడు. బుద్ధి గడ్డి తిని చేశానని పిన్ని నలుగురిలో చెబితే కేసు ఉండదట, ఊడ్చే పని కూడా ఇస్తారట. బాబాయి చేతులు కట్టుకుని మూల నిలబడ్డాడు. "ఒక్క మాటేగా, అనేయవే" అని గొణిగాడు. పిన్ని ఆయన వైపు చూసింది. 

"సరే, మీ ఇష్టం" అన్నాడు సూపర్‌వైజరు. "మీ అమ్మాయి మా గుండీల సెక్షన్లోనే ఉంది కదా. ఆమె సంగతి కూడా ఆలోచించుకోండి."

పిన్ని మొహం మొదటిసారి పాలిపోయింది. నోరు తెరిచింది. ఆ పిల్ల కోసం అనేసేదేమో, నాకు తెలియదు. ఈలోగా, పని మధ్యలో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్న మా చెల్లి ముందుకు వచ్చింది. మెడలోని కార్డు తీసి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టింది. "ఇది ఆయనకిచ్చేయండి సార్. నా సంగతి నేను ఆలోచించుకున్నా." 

ఆమె వెనకే ఇస్త్రీ ఆడవాళ్ళు వచ్చారు. వరండా నిండిపోయింది, మెట్లు నిండిపోయాయి. నినాదాలేం లేవు. ఊరికే నిలబడ్డారు. నిలబడడం వాళ్ళకు అలవాటే, ఏళ్ళ తరబడి చేసిన పని అదే. ఎవరో ఫోన్లో ఫోటోలు తీస్తుంటే సూపర్‌వైజరు బయటికి వెళ్ళి ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. ఆ చొక్కాలు కొనే దేశాలవాళ్ళు ఇలాంటివి చూస్తే బాగుండదని పైవాళ్ళకు తోచినట్టుంది. సాయంత్రానికి కేసు లేదు, ఏమీ లేదు, ఇంటికెళ్ళమన్నారు.

న్యాయం గెలిచిందని ఎవరైనా అంటే మన చెవిలో పువ్వు పెట్టినట్టే. ఉద్యోగాలు తిరిగి రాలేదు. బోర్డుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. అవే అక్షరాలు, సబ్బు ప్రకటనలో నవ్వే పిల్లలాంటి ఒక పిల్ల. ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె పట్టుకున్న తీరు చూస్తే ఎప్పుడూ పట్టుకోలేదని తెలుస్తుంది. ఆ వారంలోనే బాబాయిని తీసేశారు. అద్దె కట్టలేక పిన్నీవాళ్ళు ఫ్యాక్టరీ వెనక, మురుగుకాలవ పక్కన, రేకుల వరసలోకి మారారు.

ఇప్పుడు ఫ్యాక్టరీయే వాళ్ళ ఇంటికి వస్తోంది. పొద్దున్నే ఒక మేస్త్రీ ఆటోలో చొక్కాల మూటలు తెచ్చి గుమ్మాల్లో పడేస్తాడు. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు. కార్డు లేదు, ఫ్యాను లేదు, ఆదివారం లేదు. ఎవరైనా అడిగితే వీళ్ళు మా పనివాళ్ళు కారంటుంది కంపెనీ. మొన్న మా షాపులో ఒక పేపరు చూశాను, ఊరి ఆదాయం ఇన్ని రెట్లు పెరిగిందని రాశారు. పెరిగే ఉంటుంది. పెరిగినదంతా ఎటు పోయిందో ఆ రేకుల వరసలో ఒక్క గుమ్మానికీ తెలియదు.

పోయిన నెల మేస్త్రీ కూలి ఇవ్వకుండా వాయిదాలు వేశాడు. ఇవాళ, రేపు, కంపెనీ ఇవ్వలేదు, బ్యాంకు సెలవు. నేను ఆ రోజు పిన్నికి కాళ్ళ నొప్పుల మందు పట్టుకెళ్ళాను. అతను పూర్తయిన మూటలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. పిన్ని లేచి, గుమ్మంలోని మూట మీద వెళ్ళి కూర్చుంది.

"లే పిన్నీ, లోడు వెళ్ళాలి. ఓడకి టైమైపోతుంది."

"ఓడకి టైముందన్నమాట. మాకు లేదా?"

"నువ్వు పెద్దదానివి, నీతో నాకు గొడవెందుకు? లే."

చెల్లి పక్క గుమ్మంలోకి వెళ్ళి అక్కడి మూట మీద కూర్చుంది. దాని పక్క గుమ్మంలో మరొకామె. చూస్తుండగానే వరసంతా కూర్చున్నారు. మేస్త్రీ బతిమాలాడు, బెదిరించాడు, ఒంటికాలి మీద లేచాడు. బాబాయి ఎక్కడి నుంచో పంపు పట్టుకుని వచ్చి ఆటో ముందు నిలబడ్డాడు.  పంపుతో ఏం చేద్దామనుకున్నాడో ఆయనకే తెలియాలి, కానీ పక్కకు మాత్రం జరగలేదు. పొద్దు వాలేసరికి మేస్త్రీ వెళ్ళి డబ్బు తెచ్చాడు. పంచుతున్నంతసేపూ తిట్టాడు. పంచాక, "మీ వరసకి ఇక పని లేదు, కాలవ అవతలివాళ్ళకి ఇచ్చుకుంటా. వాళ్ళు నోరెత్తరు" అని ఆటో ఎక్కాడు.

అన్నట్టే చేశాడు. మర్నాడు మూటలు కాలవ అవతల దిగాయి. రేకుల వరసలో కొందరు పిన్నిని తిట్టారు. నీ మొండితనం వల్లే ఉన్నదీ పోయిందన్నారు. పిన్ని ఆ మాటలన్నీ పడింది. 

"ఇప్పుడేం చేస్తావు పిన్నీ?" అన్నాను.

"వాడికి ఆ అవతలివాళ్ళు నోరెత్తరని ఎవరు చెప్పారు?" అంది పిన్ని. చెప్పులు వేసుకుని, చెల్లి భుజం పట్టుకుని, కాలవ మీద వేసిన చెక్కవైపు నడిచింది.